నేను టైపు చేసిన ఆరు ఉత్తరాలు

ఆ ఆరు ఉత్తరాలూ టైపు చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువవుతుంది. ఇన్నేళ్ళలో చాలామందికి ఈ కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఈ మాటని చివరిదాకా దాచుకుని, వినేవాళ్ళు బ్యాంకును తిట్టడం మొదలుపెట్టాక మెల్లగా బయటపెట్టేదాన్ని. అప్పటికి వాళ్ళ కోపం ఖర్చయిపోయి, నాకు జాలి మిగిలేది. ఆ జాలి ఇక వద్దు.

డెబ్బైల మొదట్లో విశాఖపట్నం పాతపోస్టాఫీసు దగ్గర ఒక చిన్న ప్రైవేటు బ్యాంకులో టైపిస్టుగా చేరాను. గోదావరి జిల్లాల వర్తకులు పెట్టిన బ్యాంకు అది. హెడ్డాఫీసు అక్కడే. ఇక్కడిది ఒక పాత మేడ కింద భాగంలో ఉన్న బ్రాంచి. పధ్నాలుగుమందిమి పనిచేసేవాళ్ళం. పోర్టు కళాసీలు, చేపలమ్మే ఆడవాళ్ళు, ఒకటి రెండు బోట్లున్న యజమానులు, తాళ్ళూ లాంతర్లూ అమ్మే దుకాణాలవాళ్ళు మా ఖాతాదారులు. పోర్టు నుంచి ఇనప ఖనిజం ధూళి గాలికి కొట్టుకొచ్చి బల్లల మీదా, మా జాకెట్ల చేతుల మీదా ఎర్రగా పేరుకునేది. పొద్దున్నే రాగానే ప్రతివాళ్ళూ మొదట చేసే పని తుడుచుకోవడం.

అందరికంటే శ్రద్ధగా తుడిచేది లెడ్జరుగారు. ఆయనకి పేరుంది గాని బ్రాంచిలో గాని బయట గాని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. సేవింగ్స్ ఖాతాల పెద్ద పుస్తకాలు రాసేది ఆయన. అందుకని లెడ్జరుగారు. కోనసీమ నుంచి కుర్రతనంలో పోర్టులో ఉద్యోగం కోసం వచ్చి, అది దొరక్క బ్యాంకులో చేరిన మనిషి. సన్నగా ఉండేవాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చెక్కు చేతికి రాగానే సంతకం కార్డు తీయకుండానే సరైనదో కాదో చెప్పేసేవాడు. వేలిముద్ర చూసి కూడా ఎవరిదో చెబుతాడని జనం అనుకునేవారు. అది మాత్రం అబద్ధం. ముద్ర వేసిన మనిషి ఎదురుగానే ఉంటుంది కదా, ఆమెను చూసి చెప్పేవాడు. ఆమెకు ఎంతమంది పిల్లలో, మొగుడు ఎవరి బోటు మీద వెళతాడో కూడా ఆయనకు తెలుసు.

నేను చేరిన మొదటిరోజు మంచినీళ్ళకుండ మీద రెండు గ్లాసులున్నాయి. ఒకటి స్టీలుది, ఒకటి సత్తుది. రికార్డుగది చూసే దఫ్తరీ సత్తు గ్లాసు చూపించి, "అది నీది" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఉండదు. మా తాతల కాలంలో మేము చర్చిలో చేరితే చేరి ఉండొచ్చు, కుండ దగ్గరికి వచ్చేసరికి మా పాత పేట మాతోనే వచ్చేది. రెండోరోజు మధ్యాహ్నం లెడ్జరుగారు లేచి కుండ దగ్గరికి వెళ్ళి, ఆ సత్తు గ్లాసు తీసుకుని నీళ్ళు ముంచుకుని తాగాడు. మూతి తుడుచుకుని, గ్లాసు బోర్లించి, వచ్చి కూర్చున్నాడు. మూడోరోజూ అలాగే తాగాడు. వారం తిరిగేసరికి ఏ గ్లాసు ఎవరిదో ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పన్నెండు పదమూడేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. మా ఆయన పోర్టులో క్రేను దగ్గర పనిచేసేవాడు. ఒకసారి తాడు తెగి నడుం మీద దెబ్బ తగిలాక బరువుపని చేయలేకపోయాడు. ఆ దెబ్బ తర్వాత ఇల్లు నడిచింది నా జీతం మీద.

ఎనభైల మధ్యలో బ్యాంకు మునిగింది. హెడ్డాఫీసులో డైరెక్టర్లు తమ బావమరుదుల రైసుమిల్లులకీ, అల్లుళ్ళ పొగాకు వ్యాపారాలకీ అప్పులిచ్చి, అవి తిరిగి రాక చేతులెత్తేశారు. ఆ సంగతి మాకు ఒక పొద్దున తంతి రూపంలో తెలిసింది. చెల్లింపులు నిలిపివేయమని ప్రభుత్వం ఉత్తర్వు. మేనేజరు తలుపుకి కాగితం అంటించాడు. పది గంటలకల్లా వీధి నిండిపోయింది.

ఆరోజు అందరూ లోపలే దాక్కున్నారు, లెడ్జరుగారు తప్ప. ఆయన తన బల్ల దగ్గరే కూర్చున్నాడు. చేపలమ్మే ఒకామె కటకటాల మధ్యనుంచి ఆయన చేతిని పట్టుకుంది. ఆమె మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి.

"బాబూ, నానేటి సెయ్యాల ఇప్పుడు? బేంకు ఇచ్చుకుంతాదో లేదో నాకేటి తెలుసు. నువ్వు రాసుకుంతావని ఇచ్చినాను."

"రాశానమ్మా. అంతా రాసే ఉంది. నీ డబ్బు నీ చేతికొచ్చేదాకా నేనెక్కడికీ పోను, ఇక్కడే కూర్చుంటాను."

నెలల తరబడి ఆయన అన్నమాట ప్రకారం కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ లెడ్జరు తిప్పి, ఇదిగో నీ పేజీ అని చూపించేవాడు. వాళ్ళలో సగంమందికి చదవడం రాదు. అయినా చూసి, తల ఊపి వెళ్ళిపోయేవారు. బ్రాంచి మీద ఒక్క రాయి పడలేదంటే అది ఆయన వల్లే. ఈ మాట అప్పటి మేనేజరు కూడా ఒప్పుకున్నాడు, నోటితో. కాగితం మీద ఎవరూ రాయలేదు.

చివరికి ఒక పెద్ద ప్రభుత్వ బ్యాంకు మమ్మల్ని కలుపుకుంది. డిపాజిట్‌దారుల డబ్బు వాళ్ళకు అందింది. అందులో తప్పేమీ లేదు, అందరం సంతోషించాం. బోర్డు మారింది, గోడలకు సున్నం పడింది. కొత్త మేనేజరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఊళ్ళోకి వచ్చిపడుతున్న ఇంజనీర్ల జీతాల ఖాతాలు పట్టుకోవాలని అతని ఆరాటం. చేపలవాసనతో వచ్చే మా పాత ఖాతాదారుల్ని చూస్తే ఏమీ అనేవాడు కాదు గాని, ఫ్యాను వేగం పెంచమనేవాడు.

తర్వాత మిషను వచ్చింది. లెడ్జర్లలో చేత్తో రాసే లెక్కలన్నీ అది చేస్తుందట. దానికోసం ఒక గది కట్టి, ఏసీ పెట్టి, అద్దాల తలుపు బిగించారు. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. మా ఊళ్ళో అంతవరకూ గుళ్ళోకీ మసీదులోకీ మాత్రమే చెప్పులు విడిచేవాళ్ళం. లెడ్జరుగారు మధ్యాహ్నం తీరికలో చెప్పులు విప్పి, అద్దం బయటే నిలబడి లోపల పని నేర్చుకుంటున్న ఇద్దరు కొత్త క్లర్కుల చేతుల్ని చూస్తూ ఉండేవాడు.

మిషను వెనకే పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పాత సిబ్బందిని "సర్దుబాటు" చేయడం ఆయన పని. తియ్యగా మాట్లాడేవాడు. మా పెద్దమ్మాయి ఏ క్లాసని అడిగాడు, మా ఆయన నడుం గురించి ఎలా తెలుసుకున్నాడో దాని గురించీ అడిగాడు. ఒక సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక, కౌంటర్లు మూశాక, నా టైపు మిషనును మేనేజరు గదిలోకి మోయించి నన్ను పిలిచారు.

చేత్తో రాసిన చిత్తు కాగితం ఇచ్చాడు ఆఫీసరు. పేర్లు వేరే కాగితం మీద ఉన్నాయి. ఆరు పేర్లు. ఆ ఆరుగురూ మేనేజరుకు రాసుకున్నట్టుగా ఉత్తరం. ఇంగ్లీషులో ఉంది. నేను ఫలానావాణ్ణి, నా సొంత కుటుంబ కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ బలవంతమూ లేకుండా, పూర్తిగా నా ఇష్టంతో గడువుకు ముందే ఉద్యోగ విరమణ కోరుకుంటున్నాను, దయచేసి అనుమతించగలరు. ఇదీ సారాంశం. అందరికీ ఒకే కుటుంబ కారణాలు.

మూడో పేరు లెడ్జరుగారిది.

నేను టైపు చేస్తూ ఉండగానే వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నేను బల్లలాగా కుర్చీలాగా ఉన్నాననుకున్నారేమో. సంతకాలు లేకుండా ఎవర్నీ తీసేయడానికి వీల్లేదని, విలీనం షరతుల్లో అలా ఉందని, బుధవారంలోగా జాబితా పంపాలని, అందుకే ఆలోచించుకునే టైము ఇవ్వకుండా రేపు పొద్దున్నే ఒక్కొక్కర్నీ పిలవాలని ఆఫీసరు చెప్పాడు. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమయింది.

ఆరూ అయిపోయాక కాగితాలు అందుకుంటూ ఆఫీసరు నాతో అన్నాడు: "మిషన్లు వచ్చాక టైపిస్టు ఎందుకని మీ పేరు కూడా రాశారమ్మా. నేనే కొట్టేయించాను. ఇంటి పరిస్థితి ఉంది కదా. ఈ సంగతి మాత్రం ఈ గది దాటకూడదు."

అది నిజమో బెదిరింపో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ అయి ఉండొచ్చు.

బయటికొచ్చేసరికి లెడ్జరుగారు నాకోసం ఆగి ఉన్నాడు. ఇద్దరం బస్టాపు దాకా కలిసి నడవడం అలవాటు. ఆయనది అల్లిపురం, మాది జ్ఞానాపురం. ఆరోజు ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. మిషను పని తనకీ నేర్పించమని పొద్దున ఆఫీసరును అడిగాడట. "నలభైతొమ్మిదేళ్ళకి కొత్త విద్య పట్టుబడదంటారాండీ అని అడిగాను. ఎందుకు పట్టుబడదు, మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళే కావాలి అన్నారమ్మా" అని చెప్పాడు. వేళ్ళు మొద్దుబారకుండా ఇంట్లో చెక్కబల్ల మీద అక్షరాల వరస సుద్దతో గీసుకుని ఆడిస్తున్నానన్నాడు. టైపు వరస నన్నే అడిగి సరిచూసుకున్నాడు. నేను నడుస్తూ నడుస్తూ ఎడమచేతి వరస చెప్పాను, కుడిచేతి వరస చెప్పాను. ఆయన గాలిలో వేళ్ళు కదిలించాడు.

నా బస్సు ముందొచ్చింది. ఎక్కేశాను.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ విన్నాడు. అంతా విని, "ఆయన మనకి సేసింది తక్కువా. రేపు పొద్దున్నే ఆల్లింటికెల్లి సంతకం ఎట్టొద్దని సెప్పేసి రా" అన్నాడు. నా ఉద్యోగం పోతే అన్నాను. "పోతే పోద్ది. నాను కిళ్ళీకొట్టు ఎట్టుకుంతాను. కూకునే పనే కదా" అన్నాడు. ఈ మాట ఇక్కడ రాయకపోతే అందరూ మొగుడు ఆపి ఉంటాడనుకుంటారు. ఆయన ఆపలేదు. వెళ్ళమన్నాడు.

పొద్దున్నే లేచాను. ఐదున్నరకి బయల్దేరితే ఆరుగంటలకి అల్లిపురంలో ఉంటాను. పొయ్యి వెలిగించాను. పిల్లలకి అన్నం వండాను. చిన్నదాని గౌను కుట్టు ఊడితే సూదీ దారం తీసి కుట్టాను. అది ఆదివారం కుట్టినా సరిపోయేది. జడలు వేశాను. బియ్యం చెరిగాను. ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది. నేను ఏం చేస్తున్నానో నాకు తెలుసు. మా ఆయన చూస్తూనే ఉన్నాడు, రెండోసారి చెప్పలేదు. రోజూ ఎక్కే బస్సే ఎక్కి, రోజూ వెళ్ళే టైముకే వెళ్ళాను.

అప్పటికే మొదటివాణ్ణి గదిలోకి పిలిచారు.

లెడ్జరుగారు మూడోవాడిగా వెళ్ళాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుని, తెరిచి ఉన్న లెడ్జరు మూశాడు, మళ్ళీ తెరిచాడు. కాసేపటికి లేచి నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను తల ఎత్తలేదు.

"నీ మిషనులో ఆర్ అక్షరం ఎప్పుడూ వెంట్రుకవాసి పైకి పడుద్ది గదమ్మా" అన్నాడు.

అవునన్నాను.

"నిన్న కొట్టావా?"

"నిన్న మధ్యాహ్నం."

ఆయన లెక్క వేసుకుంటున్నట్టు ఆగాడు. నిన్న మధ్యాహ్నం, తర్వాత బస్టాపు, తర్వాత చెక్కబల్ల మీద సుద్ద వరసలు. ఆయన మొహంలో అవన్నీ ఒకటి తర్వాత ఒకటి రావడం నేను చూశాను. కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు తేలికయ్యేది. "సరే" అని వెళ్ళిపోయాడు.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. సంతకం పెట్టకపోతే పాత రికార్డులు తీస్తామన్నారట. చెల్లింపులు ఆగిన గందరగోళంలో ఒక పేజీ మీద ఆయన పొట్టి సంతకం లేదని చూపించారట. దానికి చార్జిషీటు ఇచ్చి తీసేస్తే ఏ ప్రయోజనాలూ రావని, పరువుగా పోవడమా పరువు తీసుకుని పోవడమా తేల్చుకోమని చెప్పారట. ఇరవై ఏడేళ్ళలో ఒక్క కొట్టివేత లేకుండా రాసిన మనిషికి ఆ ఒక్క పేజీ చాలింది. జీవితమంతా ఇతరుల సంతకాలు అనుమానంగా చూసిన మనిషి తన సంతకం అడగగానే పెట్టేశాడు.

ఆరోజు నలుగురు సంతకం పెట్టారు. ఇద్దరు పెట్టలేదు. ఒకతను మేనమామ దినానికి శ్రీకాకుళం వెళ్ళి ఆరోజు బ్రాంచిలోనే లేడు. రెండోవాడు దఫ్తరీ. "నాకు ఇంగిలీసు రాదు బాబూ, మా బావకి సూపించి ఎడతాను" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఎంత చెప్పినా తిరిగివ్వలేదు.

గురువారం రాజమండ్రి నుంచి యూనియను నాయకుడు వచ్చాడు. విషయం విని నెత్తి కొట్టుకున్నాడు. సంతకం లేనిదే ఎవర్నీ కదిలించలేరని, సంతకం పెట్టాక తానేమీ చేయలేనని చెప్పాడు. సోమవారం సాయంత్రమే ఎవరైనా ఒక్క ఫోను చేసుంటే అన్నాడు. ఫోను నా బల్ల పక్కనే ఉండేది.

శ్రీకాకుళం వెళ్ళినతను, దఫ్తరీ ఇద్దరూ కొత్త బ్యాంకులో ఉండిపోయారు. దఫ్తరీ రిటైరయ్యేదాకా జీతం తీసుకున్నాడు, తర్వాత పింఛనూ తీసుకున్నాడు. ఇంగ్లీషు రాకపోవడం ఒక మనిషిని కాపాడటం నా జీవితంలో అదొక్కసారే చూశాను. అతనిమీద నాకు కోపం ఉండకూడదు. ఉంది.

నెల తిరక్కుండా నలుగురూ వెళ్ళిపోయారు. దండలు వేశారు, టీ ఇచ్చారు. ఆఫీసరు మాట్లాడుతూ యువతరానికి చోటివ్వడానికి ముందుకొచ్చిన పెద్దమనసు అన్నాడు. లెడ్జరుగారు దండ తీసి బల్లమీద పెట్టి, ఆ పూట రాయాల్సినవి మిగిలాయని లెడ్జరు దగ్గరికి వెళ్ళి ఐదింటిదాకా రాశాడు. ఆయన రాసిన చివరి పేజీని ఆ తర్వాత మిషనులోకి ఎక్కించి, పుస్తకాలు రికార్డుగదిలో పడేశారు.

తర్వాత ఆయన చాలాచోట్ల తిరిగాడు. ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టర్ల దగ్గరికెళితే వయసు చూసి పంపేశారు. దుకాణాలవాళ్ళు, బ్యాంకులో చేసి మధ్యలో ఎందుకు మానేశావని అడిగేవారట. ఇష్టంతో మానేశాను అని కాగితం చెబుతోంది. ఇష్టంతో మానేసిన గుమస్తాను ఎవరు నమ్ముతారు, ఏదో చేసే ఉంటాడనుకున్నారు.

మూడు నెలల తర్వాత ఒకరోజు మా బ్రాంచి వసారాలో చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కొత్త బ్యాంకు ఫారాలన్నీ ఇంగ్లీషూ హిందీ. కళాసీలకి, చేపలమ్మే ఆడవాళ్ళకి అవి నింపిపెట్టేవాడు. వాళ్ళు ఆయన్ని చూసి గుంపుగా వచ్చేవారు. పావలా అర్ధా ఇచ్చేవారు, కొందరు తామరాకులో నాలుగు చేపలు చుట్టి ఇచ్చేవారు. అప్పటికి టైపుతో పాటు నన్ను కౌంటరులో కూడా వేశారు. ఆ గుండ్రటి దస్తూరితో నింపిన ఫారాలు రోజుకి ఇరవై ముప్ఫై నా చేతికి వచ్చేవి. ఒక్క తప్పు ఉండేది కాదు. లోపల ఆయన బల్ల ఖాళీగా ఉండేది, బయట ఆయన మా పనే చేస్తూ ఉండేవాడు.

మేనేజరుకి అది నచ్చలేదు. బ్రాంచి ముందు జాతరలా ఉందన్నాడు. బయటివ్యక్తులు వసారాలో కూర్చోరాదని నోటీసు టైపు చేయమన్నాడు. రిబ్బను అయిపోయిందని చెప్పాను. రిబ్బను కొత్తదే. అతను ఒక క్షణం నావైపు చూసి, చేత్తో రాసి గోడకి అంటించాడు. నా ధైర్యం అంతవరకే వచ్చింది. దానివల్ల జరిగింది కూడా అంతే. వాచ్‌మన్ స్టూలు తీసి రోడ్డు మీద పెట్టాడు. లెడ్జరుగారు ఎదురుగా టీకొట్టు తాటాకు పందిరి కిందికి మారాడు. వానలు మొదలయ్యాక అక్కడా కుదరలేదు.

ఆ నలుగురూ కలిసి లేబరు కోర్టులో కేసు వేశారు. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి లెడ్జరుగారి భార్య మా గుమ్మంలో కూర్చుని ఉంది. అంతకుముందు ఒకటి రెండుసార్లే చూశాను. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

"మా ఆయన మిమ్మల్ని అడగొద్దన్నారండి. నేను అడగడానికే వచ్చాను. ఆ ఉత్తరాలు ముందురోజే బ్యాంకులో తయారయ్యాయని కోర్టులో చెబుతారా, చెప్పరా?"

చెబుతానన్నాను. ఆమె లేచి, "ఆ రోజున ఒక్క ముక్క చెప్పుంటే ఈ రోజున ఇన్ని ముక్కలు చెప్పే పనుండేది కాదు గదండీ" అని వెళ్ళిపోయింది. మా ఆయన లోపలినుంచి విన్నాడు.

సాక్ష్యం చెప్పడానికి నా పేరు వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. వెళ్ళాను. సోమవారం టైపు చేశానని, పేర్లూ మాటలూ ఆఫీసరే ఇచ్చాడని, ఆ గదిలో విన్నవన్నీ చెప్పాను. ఇంకా ఏదో అడుగుతారనుకున్నాను. బ్యాంకు లాయరు రెండే ప్రశ్నలు వేశాడు. వీళ్ళ చెయ్యి పట్టుకుని ఎవరైనా సంతకం పెట్టించడం చూశారా? చూడలేదు. ఉద్యోగుల సెలవు చీటీలూ అర్జీలూ వాళ్ళ సౌకర్యం కోసం టైపు చేసిపెట్టడం మీకు అలవాటేనా? అలవాటే. ఎన్నేళ్ళుగా ఎంతమందికి చేసిపెట్టానో నాకే తెలుసు. లెడ్జరుగారి సెలవు చీటీలు కూడా నేనే టైపు చేసేదాన్ని. అలవాటు కాదని ఎలా చెప్పను?

కేసు పోయింది. ఉత్తరం మీద ఎవరి ఒత్తిడీ లేదని రాసి ఉంది, కింద సంతకం ఉంది, సంతకం తమదేనని వాళ్ళే ఒప్పుకున్నారు. అంతే. పై కోర్టుకి వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు. నలుగురిలో ఒకాయన అప్పటికే పోయాడు.

నెల తిరిగేలోగా నాకు ఇచ్ఛాపురం వైపు బదిలీ కాగితం వచ్చింది. పరిపాలనా కారణాలట. సాక్ష్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. పరిపాలనా కారణాలన్న మాట మాత్రం నేను నమ్మలేదు. నేను వెళితే పిల్లల్ని, నడుం పనిచేయని మనిషిని వదిలి వెళ్ళాలి. మా ఆయన అప్పటికి నిజంగానే కిళ్ళీకొట్టు పెట్టాడు. ఆ కొట్టు మీద ఇల్లు పూర్తిగా గడవకపోయినా ఆగిపోలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ సోమవారం ఆయన ఊరికే అనలేదని.

బయల్దేరే ముందురోజు తెల్లవారి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. లెడ్జరుగారు అక్కడ ఒక ఐసు ఫ్యాక్టరీలో చీటీలు రాస్తున్నాడని విన్నాను. ఏ బోటుకి ఎన్ని దిమ్మలు వెళ్ళాయో రాసి ఇచ్చే పని. చీకటి విడవకముందే మొదలవుతుంది. నేను వెళ్ళేసరికి వేలంపాటలు సగం అయిపోయాయి. ఆయన గోనెసంచి భుజాల మీద కప్పుకుని చెక్కపెట్టె మీద కూర్చుని రాస్తున్నాడు. ఐసు నీళ్ళకి వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. దస్తూరి వంకరపోయింది. నన్ను చూసి పక్క పెట్టె చూపించాడు. కూర్చున్నాను.

బదిలీ గురించి చెప్పాను. తెలుసన్నాడు. పిల్లల చదువులు అడిగాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి చీటీలు రాయించుకుని వెళ్ళారు. ఆ సందులో నేను అడగాల్సింది అడిగాను, నన్ను క్షమించమని. ఏళ్ళ తరబడి మనసులో ఎన్నో రకాలుగా పేర్చుకున్న మాట అది. బయటికి వచ్చేటప్పుడు రెండే ముక్కలయింది.

ఆయన పెన్ను విదిలించి, కాగితం మీద గీసి చూసుకున్నాడు.

"నువ్వు ముందే చెప్పుంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాదమ్మా. అది జరిగిన సంగతి. కాదని నీకోసం అబద్ధం ఎలా చెప్పను? నీ పిల్లలు నీకున్నారు, నువ్వు భయపడ్డావు. అదీ జరిగిన సంగతే. కోర్టుకొచ్చావు, అదీ జరిగింది. మూడూ నేను మర్చిపోను."

ఎవరో బోటు మీదినుంచి "లెడ్జరుగారూ, నాలుగు దిమ్మలు" అని కేకేశారు. ఇక్కడ కూడా ఆ పేరే పిలుస్తున్నారు. ఆయన వంగి రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను కొంతసేపు కూర్చుని, ఇక కూర్చోవడం ఆయనకి అడ్డమని తెలిసి లేచాను. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ మధ్యనుంచి బయటికి వచ్చి బస్సెక్కాను.

మర్నాడు పెట్టె సర్దుకుని రైలెక్కాను. కొత్త బ్రాంచిలో నాకిచ్చిన టైపు మిషను కొత్తది, అక్షరాలన్నీ ఒకే వరసలో పడేవి. అక్కడ మూడేళ్ళు పనిచేశాను. ఆ మూడేళ్ళలో ఎవరు సెలవు చీటీ టైపు చేసిపెట్టమన్నా, చేత్తో రాసుకోండి అని చెప్పేదాన్ని. గర్విష్ఠి అని పేరొచ్చింది.